ఆ రాత్రి పెట్టిన సంతకం: ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ జీవితం

మన ఇళ్లలో పిల్లల చేత జనరల్ నాలెడ్జ్ చదివించేటప్పుడు ఒక ప్రశ్న తప్పకుండా వస్తుంది. భారత రాష్ట్రపతులైన ముస్లింలు ఎవరు? జవాబు మనందరికీ నోటికి వచ్చిందే. జాకిర్ హుస్సేన్, ఫక్రుద్దీన్ అలీ అహ్మద్, అబ్దుల్ కలాం. జాకిర్ హుస్సేన్ సాహెబ్ గురించి చెప్పడానికి బోలెడుంది. ఆయన మన హైదరాబాద్‌లో పుట్టారు, జామియా మిల్లియాను నిలబెట్టారు. కలాం గారి గురించి అయితే పిల్లలే మనకు చెబుతారు. మధ్యలో ఉన్న పేరు దగ్గరే మాట ఆగిపోతుంది. తెలిసినవాళ్లు ఎమర్జెన్సీ మీద సంతకం పెట్టినాయన అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. తెలియనివాళ్లు తర్వాతి ప్రశ్నకు వెళ్లిపోతారు.

మా సబ్బవరంలో దామోదరం సంజీవయ్య జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం ఉంది. అక్కడ చదివే పిల్లలు రాజ్యాంగంలోని 352వ అధికరణం, అంటే దేశంలో అత్యవసర పరిస్థితి ఎప్పుడు, ఎలా విధించవచ్చో చెప్పే అధికరణం, తప్పకుండా చదువుతారు. ఆ పాఠంలో ఫక్రుద్దీన్ గారి సంతకం ఉంటుంది. ఆ మనిషి మాత్రం కనపడడు. ఆయన ఎక్కడ పుట్టారు, ఎన్నేళ్లు జైల్లో ఉన్నారు, ఆ రాత్రి ఆ కాగితం ఆయన ముందుకు ఎలా వచ్చింది, ఇవన్నీ కలిపి చూస్తేనే ఆ సంతకం బరువు తెలుస్తుంది. అందుకే ఈ నాలుగు మాటలు.

హౌజ్ ఖాజీలో పుట్టి, కేంబ్రిడ్జి దాకా

ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ 1905 మే 13న పాత ఢిల్లీలోని హౌజ్ ఖాజీ ప్రాంతంలో పుట్టారు. తండ్రి కల్నల్ జల్నూర్ అలీ అహ్మద్ అస్సాం మనిషి. ఇండియన్ మెడికల్ సర్వీసులో డాక్టరు. తల్లి రుఖయ్యా సుల్తాన్ లోహారు నవాబుల ఇంటి ఆడపడుచు. లోహారు అంటే ఉర్దూ తెలిసినవాళ్లకు వెంటనే మీర్జా గాలిబ్ గుర్తొస్తారు. గాలిబ్ అత్తవారిది ఆ వంశమే. అలా తండ్రి వైపు నుంచి బ్రహ్మపుత్ర నీళ్లు, తల్లి వైపు నుంచి ఢిల్లీ ఉర్దూ ఆయనకు దక్కాయి. గాలిబ్ మీద ఆ ఇష్టం చివరిదాకా పోలేదు. 1969లో గాలిబ్ శత వర్ధంతిని దేశమంతా జరుపుకోవడంలోనూ, ఢిల్లీలో గాలిబ్ ఇన్‌స్టిట్యూట్ ఏర్పడటంలోనూ ఆయనది పెద్ద చెయ్యి.

చదువు ఉత్తరప్రదేశ్‌లోని గోండాలో, తర్వాత ఢిల్లీలో సాగింది. సెయింట్ స్టీఫెన్స్ కాలేజీ నుంచి ఇంగ్లండుకు వెళ్లి కేంబ్రిడ్జిలో చదివారు. 1928లో బారిస్టర్ అయ్యారు. ఇంగ్లండులో ఉన్నప్పుడే జవహర్‌లాల్ నెహ్రూతో పరిచయం కలిగింది. తిరిగొచ్చి లాహోర్ హైకోర్టులో ప్రాక్టీసు పెట్టారు. 1931లో కాంగ్రెస్‌లో చేరారు. డబ్బుకు లోటు లేని ఇల్లు, బారిస్టర్ చదువు, నవాబుల చుట్టరికం. కావాలనుకుంటే హాయిగా కేసులు చూసుకుంటూ బతికేయగలిగిన మనిషి. ఆయన తండ్రిగారి ఊరైన అస్సాం వైపు నడిచారు.

అస్సాంలో మంత్రి, ఆ తర్వాత ఖైదీ

1937 ఎన్నికల్లో అస్సాం శాసనసభకు గెలిచారు. 1938లో గోపీనాథ్ బర్దొలాయ్ ప్రభుత్వంలో ఆర్థిక, రెవెన్యూ మంత్రి అయ్యారు. అప్పుడు ఆయన చేసిన ఒక పని చెప్పుకోవాలి. వ్యవసాయ ఆదాయం మీద పన్ను వేసే చట్టాన్ని తెచ్చారు. దేశంలో అలాంటి చట్టాలు తెచ్చిన తొలి ప్రభుత్వాల్లో అస్సాం ఒకటి. ఆ పన్ను పడింది పేద రైతు మీద కాదు, ఇంగ్లీషు దొరల చేతుల్లో ఉన్న టీ తోటల మీద. పాలకులే తెల్లవాళ్లుగా ఉన్న రోజుల్లో తెల్లవాళ్ల తోటలకు పన్ను వేయడం చిన్న సంగతి కాదు.

1939లో యుద్ధం వచ్చింది, కాంగ్రెస్ మంత్రివర్గాలు రాజీనామా చేశాయి. 1940లో ఫక్రుద్దీన్ గారు వ్యక్తి సత్యాగ్రహంలో పాల్గొని ఏడాది జైలుకు వెళ్లారు. 1942 ఆగస్టులో క్విట్ ఇండియా పిలుపు రాగానే మళ్లీ పట్టుకుపోయారు. 1945 ఏప్రిల్ దాకా వదల్లేదు. ఈ రెండోసారి కోర్టు లేదు, విచారణ లేదు. భద్రతా ఖైదీ అన్న పేరుతో రెండున్నరేళ్లకు పైగా లోపల ఉంచారు. నేరం రుజువు చేయకుండా ఒక మనిషిని ఎన్నాళ్లు కావాలంటే అన్నాళ్లు లోపల పెట్టే అధికారం ప్రభుత్వానికి ఉంటే అదెలా ఉంటుందో ఆయన ఒంటి మీద అనుభవించారు. ఈ విషయం గుర్తుంచుకోండి. తర్వాత దీనితో పని ఉంది.

బయటికొచ్చాక 1945 నవంబరులో ఆబిదా బేగంతో నికాహ్ జరిగింది. ఆ మరుసటి ఏడాది ఎన్నికల్లో ముస్లిం లీగ్ గాలి వీచింది, ఆయన ఓడిపోయారు. సొంత సముదాయంలో ఎంతోమంది మరో దారి పట్టిన రోజుల్లో ఆయన కాంగ్రెస్‌ను వదల్లేదు. దాని మూల్యం ఓటమి రూపంలో కట్టారు. ఆ తర్వాత అస్సాం అడ్వకేట్ జనరల్‌గా, రాజ్యసభ సభ్యుడిగా, మళ్లీ అస్సాం మంత్రిగా పని చేశారు. 1966లో ఇందిరా గాంధీ ఆయన్ను కేంద్ర మంత్రిగా ఢిల్లీకి పిలిచారు. 1967లో బార్పేట నుంచి లోక్‌సభకు గెలిచారు. పరిశ్రమలు, వ్యవసాయం లాంటి పెద్ద శాఖలు చూశారు. మంత్రిగా ఆయన మీద పెద్ద మచ్చ లేదు. మెత్తని మనిషి, మర్యాదస్తుడు అన్న పేరుంది.

1969: మనవాళ్లిద్దరి పోటీ, ఆయన పక్షం

ఇక్కడ మన తెలుగువాళ్ల కథ ఒకటి కలుస్తుంది. 1969 మేలో జాకిర్ హుస్సేన్ గారు పదవిలో ఉండగానే చనిపోయారు. కాంగ్రెస్ పార్టీ రాష్ట్రపతి పదవికి నీలం సంజీవరెడ్డి గారిని అధికారికంగా నిలబెట్టింది. ఉప రాష్ట్రపతిగా ఉన్న వి.వి. గిరి గారు స్వతంత్రంగా బరిలో దిగారు. ఒకరు అనంతపురం జిల్లా మనిషి, ఇంకొకరు బరంపురంలో పుట్టిన తెలుగాయన. ఇందిరా గాంధీకి సంజీవరెడ్డి ఇష్టం లేదు. అంతరాత్మ చెప్పినట్టు ఓటేసుకునే స్వేచ్ఛ ఇవ్వాలని పార్టీ అధ్యక్షుడిని అడిగినవాళ్లలో జగ్జీవన్ రామ్, ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ ముందున్నారు. గిరి గెలిచారు. కాంగ్రెస్ రెండుగా చీలింది. ఫక్రుద్దీన్ గారు ఇందిర వైపు నిలబడ్డారు.

ఆ విధేయత ఊరికే పోలేదు. 1974లో గిరి గారి పదవీకాలం అయిపోగానే పార్టీ ఫక్రుద్దీన్ గారి పేరు ముందుకు తెచ్చింది. ప్రతిపక్షాల అభ్యర్థి త్రిదీబ్ చౌధురి మీద భారీ మెజారిటీతో గెలిచి ఆ ఏడాది ఆగస్టు 24న దేశ ఐదో రాష్ట్రపతిగా ప్రమాణం చేశారు. దేశంలోని ముస్లిం ఇళ్లలో ఆ రోజు సంతోషమే. విభజన అయి 27 ఏళ్లే. అనుమానంగా చూసే కళ్లు ఇంకా ఉన్నాయి. అలాంటప్పుడు రెండోసారి ఒక ముస్లిం ఆ కుర్చీలో కూర్చోవడం మాటలు కాదు.

రాయ్‌బరేలీ ఎన్నిక, అలహాబాద్ తీర్పు

ఇప్పుడు అసలు గొడవకు వద్దాం. దాని మూలం 1971 లోక్‌సభ ఎన్నికలు. మన విశాఖవాళ్లకు ఆ సీజన్ బాగా గుర్తుండే కారణం ఉంది. ఆ ఏడాది జనవరి 20నే ఇందిరా గాంధీ వచ్చి విశాఖ ఉక్కు కర్మాగారానికి శంకుస్థాపన చేశారు. 1966లో ప్రాణాలిచ్చి సాధించుకున్న ఫ్యాక్టరీకి రాయి పడింది. సరిగ్గా ఆ నెలల్లోనే ఉత్తరప్రదేశ్‌లోని రాయ్‌బరేలీలో ఆమె ఎన్నిక ఏర్పాట్లు కూడా నడుస్తున్నాయి. మార్చిలో ఆమె సోషలిస్టు నాయకుడు రాజ్ నారాయణ్ మీద లక్షకు పైగా ఓట్ల తేడాతో గెలిచారు.

రాజ్ నారాయణ్ ఊరుకోలేదు. ఎన్నిక చెల్లదని అలహాబాద్ హైకోర్టులో పిటిషన్ వేశారు. నాలుగేళ్లు నడిచింది. ప్రధానమంత్రి స్వయంగా వచ్చి బోనులో సాక్ష్యం చెప్పాల్సి వచ్చింది. 1975 జూన్ 12న జస్టిస్ జగ్‌మోహన్ లాల్ సిన్హా తీర్పు ఇచ్చారు. ఆరోపణల్లో చాలావాటిని కొట్టేశారు. రెండు మాత్రం నిలిచాయి. ప్రభుత్వ ఉద్యోగంలో ఉన్న యశ్‌పాల్ కపూర్ సేవలను ఎన్నికకు వాడుకున్నారన్నది ఒకటి. సభలకు వేదికలు, మైకులకు కరెంటు లాంటి ఏర్పాట్లు రాష్ట్ర అధికారుల చేత చేయించుకున్నారన్నది రెండోది. ఎన్నిక రద్దయింది. ఆరేళ్లు పోటీకి అనర్హత పడింది.

ఇంత చిన్న తప్పులకు ప్రధానిని దించేస్తారా అని అప్పుడూ అన్నారు, ఇప్పుడూ అంటారు. చట్టం ముందు చిన్నా పెద్దా లేదని ఇంకొకరు అంటారు. ఆ వాదన ఎలా ఉన్నా దానికి దారి ఉంది. సుప్రీంకోర్టు ఉంది. జూన్ 24న జస్టిస్ కృష్ణయ్యర్ షరతులతో స్టే ఇచ్చారు. ప్రధానిగా కొనసాగవచ్చు, పార్లమెంటులో ఓటు మాత్రం వేయకూడదు. మరుసటి రోజు సాయంత్రం ఢిల్లీ రామ్‌లీలా మైదానంలో జయప్రకాశ్ నారాయణ్ పెద్ద సభ పెట్టారు. ప్రధాని రాజీనామా చేయాలని డిమాండు. గుజరాత్‌లో, బీహార్‌లో అప్పటికే ఏడాదికి పైగా ధరల మీద, అవినీతి మీద విద్యార్థులు వీధుల్లో ఉన్నారు. దేశం వేడి మీద ఉంది. ఆ మాట నిజమే.

జూన్ 25 రాత్రి

ఆ రోజు సాయంత్రం ప్రధాని, బెంగాల్ ముఖ్యమంత్రి సిద్ధార్థ శంకర్ రే కలిసి రాష్ట్రపతి భవన్‌కు వెళ్లారు. రే పేరున్న లాయరు. 352వ అధికరణం కింద అంతర్గత కల్లోలం అన్న కారణంతో అత్యవసర పరిస్థితి ప్రకటించాలన్న ఆలోచనను రాష్ట్రపతికి వివరించారు. రాత్రి పొద్దుపోయాక ప్రధాని లేఖ, ప్రకటన కాగితం ఆయన ముందుకు వచ్చాయి. అర్ధరాత్రికి కాస్త ముందు ఆయన సంతకం పెట్టారు.

ఆ లేఖలో ఒక ముఖ్యమైన విషయం ఉంది. కేబినెట్‌ను సమావేశపరిచే వ్యవధి ఈ రాత్రికి లేదని, నిబంధనల్లో ఉన్న ఒక వెసులుబాటును వాడుకుని తానే ఈ సలహా ఇస్తున్నానని ప్రధాని తెలియజేశారు. అంటే రాష్ట్రపతి దగ్గరకు వచ్చింది మంత్రివర్గం తీర్మానం కాదు. ఒక్కరి సలహా. మంత్రులను తెల్లారి ఆరు గంటలకు పిలిచి, అప్పటికే అయిపోయిన పనిని చెప్పి ఒప్పించుకున్నారు. ఇంకో సంగతి కూడా ఉంది. 1971 బంగ్లాదేశ్ యుద్ధం నాటి అత్యవసర పరిస్థితి అప్పటికింకా రద్దు కాలేదు. ఒకటి అమల్లో ఉండగానే రెండోది.

రాష్ట్రపతికి ఏం అధికారం ఉంది, రబ్బరు స్టాంపే కదా అని కొందరు ఆయన పక్షాన వాదిస్తారు. ఆ వాదనలో కొంత న్యాయం ఉంది. మన రాజ్యాంగంలో రాష్ట్రపతి మంత్రివర్గం సలహా ప్రకారం నడవాలి. 1974లో సుప్రీంకోర్టు కూడా ఆ మాటే తేల్చింది. కానీ జాగ్రత్తగా చూడండి. నడవాల్సింది మంత్రివర్గం సలహా మీద. ఆ రాత్రి మంత్రివర్గమే కూర్చోలేదు. కేబినెట్ తీర్మానం ఏదని అడగడానికి ఆయనకు పూర్తి హక్కుంది. తెల్లారేదాకా ఆగుదామనడానికి ఏ చట్టమూ అడ్డం లేదు. ఆయనే బారిస్టరు, ఒక రాష్ట్రానికి అడ్వకేట్ జనరల్‌గా చేసినవారు. ఆ తేడా తెలియని మనిషి కాదు.

అడిగి ఉంటే ఎమర్జెన్సీ ఆగేదా? ఆగకపోవచ్చు. పొద్దున్నే మంత్రులు ఒక్కరు కూడా గట్టిగా ఎదురు చెప్పలేదు కాబట్టి ఆ తీర్మానమూ వచ్చేసేది. అయినా ఆ ఆరు గంటల విలువ వేరు. ఆ చీకట్లోనే ఢిల్లీలో పత్రికాఫీసులకు కరెంటు తీసేశారు. ఆ చీకట్లోనే జయప్రకాశ్ నారాయణ్‌ను, మొరార్జీ దేశాయ్‌ను నిద్రలేపి పట్టుకుపోయారు. దేశం నిద్ర లేచేసరికి అడిగేవాళ్లు లోపల ఉన్నారు, రాసేవాళ్ల చేతిలో అచ్చు యంత్రం లేదు. తొందర అంతా అందుకే.

సంతకం తర్వాత జరిగింది

జూన్ 27న రాష్ట్రపతి పేరుతో మరో ఉత్తర్వు వచ్చింది. సమానత్వం, ప్రాణం, స్వేచ్ఛ, అక్రమ నిర్బంధం నుంచి రక్షణ, వీటి కోసం కోర్టు గడప తొక్కే హక్కు నిలిచిపోయింది. మీసా చట్టం కింద, ఇతర నిబంధనల కింద 21 నెలల్లో లక్ష మందికి పైగా జైళ్లకు వెళ్లారు. విచారణ లేని ఖైదు. మూడు దశాబ్దాల కిందట తెల్లవాళ్లు ఫక్రుద్దీన్ గారికి ఇచ్చింది అదే. ఇప్పుడు ఆ ఉత్తర్వు కింద ఆయన పేరే ఉంది.

ఆగస్టులో 39వ సవరణ వచ్చింది. ప్రధాని ఎన్నిక మీద కోర్టులు విచారించకూడదన్నారు. సుప్రీంకోర్టు నవంబరులో ఆ భాగాన్ని కొట్టేసింది. అయితే ఈలోపు ఎన్నికల చట్టాన్నే వెనకటి తేదీ నుంచి మార్చేశారు కాబట్టి రాయ్‌బరేలీ ఎన్నిక మాత్రం చెల్లుతుందని తేల్చింది. ఆర్డినెన్సుల మీద ఆర్డినెన్సులు రాష్ట్రపతి భవన్‌కు వెళ్లి సంతకాలతో తిరిగొచ్చేవి. ఆ డిసెంబరులో అబూ అబ్రహాం గీసిన ఒక కార్టూన్ ఇండియన్ ఎక్స్‌ప్రెస్‌లో వచ్చింది. స్నానాల తొట్టిలో ఉన్న రాష్ట్రపతి తలుపు సందులోంచి వచ్చిన కాగితం మీద సంతకం పెట్టి ఇస్తుంటారు. ఫక్రుద్దీన్ గారి పేరు చెబితే ఈనాటికీ ఎక్కువ మందికి గుర్తొచ్చేది ఆ బొమ్మే. స్వాతంత్ర్యం కోసం జైలుకెళ్లిన మనిషి జ్ఞాపకం చివరికి ఒక స్నానాల తొట్టి దగ్గర ఆగిపోయింది.

1976 ఏప్రిల్‌లో పాత ఢిల్లీ తుర్క్‌మాన్ గేట్ దగ్గర ఇళ్లు కూల్చడానికి బుల్డోజర్లు వచ్చాయి. తరతరాలుగా అక్కడే ఉంటున్న ముస్లిం కుటుంబాలు అడ్డుపడ్డాయి. పోలీసులు కాల్పులు జరిపారు, మనుషులు చనిపోయారు. సెన్సార్ వల్ల ఆ సంగతి పేపర్లలో సరిగ్గా రాలేదు. తుర్క్‌మాన్ గేట్ నుంచి హౌజ్ ఖాజీకి నడిచి వెళ్లిపోవచ్చు. ఆయన పుట్టిన వీధులకు అంత దగ్గర.

ఇక కుటుంబ నియంత్రణ పేరుతో జరిగింది మన పెద్దలు చాలామందికి తెలుసు. 1976-77 ఒక్క ఏడాదిలో దేశమంతా 80 లక్షలకు పైగా ఆపరేషన్లు జరిగాయి. ఉత్తరాదిలో టీచర్లకు, ఉద్యోగులకు కోటాలు పెట్టారు, తేలేకపోతే జీతాలు ఆపారు. హర్యానాలో మేవ్ ముస్లింల ఊరైన ఉట్టావర్‌ను 1976 నవంబరులో పోలీసులు రాత్రికి రాత్రి చుట్టుముట్టి మగవాళ్లను పట్టుకుపోయారు. ముజఫర్‌నగర్‌లో నిరసన మీద కాల్పులు జరిగాయి. ఈ బాధ ముస్లింలది ఒక్కరిదే అనుకోకూడదు. పేద హిందువులు, దళితులు కూడా అంతే నలిగిపోయారు. నిషేధం పెట్టిన సంస్థల్లోనూ ఆర్‌ఎస్‌ఎస్, జమాతే ఇస్లామీ హింద్ రెండూ ఉన్నాయి. ఒకరి ముఖం ఒకరు చూసుకోనివాళ్లు ఒకే బ్యారక్‌లో పడుకున్నారు.

మన రాష్ట్రం సంగతి కూడా చెప్పుకోవాలి. ముఖ్యమంత్రి జలగం వెంగళరావు. నెల తిరగక ముందే 1975 జులైలో మెదక్ జిల్లా గిరాయిపల్లి అడవిలో నలుగురు కుర్రాళ్లను పోలీసులు కాల్చి చంపారు. ఎదురుకాల్పులన్నారు. పట్టుకుని చంపారని తర్వాత పౌరహక్కులవాళ్ల విచారణ తేల్చింది. డిసెంబరు 1న ఆదిలాబాద్ రైతు కూలీలు భూమయ్య, కిష్టాగౌడ్‌లను ఉరి తీశారు. ఉరి వద్దని దేశమంతా ఎంతోమంది వేడుకున్నారు. రాష్ట్రపతి క్షమాభిక్ష దక్కలేదు. విరసం రచయితలు జైళ్లలో ఉన్నారు. విశాఖ ఆంధ్రా యూనివర్సిటీలో లా చదివి జేపీ ఉద్యమంలో తిరిగిన వెంకయ్య నాయుడు కూడా జైలుకెళ్లారు. ఆయనే తర్వాత ఉప రాష్ట్రపతి అయ్యారు.

ఇద్దరు జడ్జీలు

ఆ రోజుల్లో కాగితం ముందు కూర్చున్నవాళ్లు ఇంకా ఉన్నారు. 1976 ఏప్రిల్ 28న సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. ఎమర్జెన్సీలో ఖైదు చేసిన మనిషికి తన ఖైదు అక్రమమని కోర్టుకు చెప్పుకునే హక్కు లేదని ఐదుగురిలో నలుగురు జడ్జీలు తేల్చారు. ఆ నలుగురిలో జస్టిస్ మీర్జా హమీదుల్లా బేగ్ ఒకరు. ఎదురు నిలబడింది ఒక్క జస్టిస్ హెచ్.ఆర్. ఖన్నా. 1977 జనవరిలో చీఫ్ జస్టిస్ పదవి వరుస ప్రకారం ఖన్నాకు రావాలి. ఆయన్ను పక్కన పెట్టి బేగ్ గారికి ఇచ్చారు. ఖన్నా రాజీనామా చేసి ఇంటికెళ్లారు.

బేగ్ గారు ముస్లిం కాబట్టి అలా రాశారా? కాదు. మిగతా ముగ్గురు ముస్లింలు కాదు కదా. ఫక్రుద్దీన్ గారు ముస్లిం కాబట్టి సంతకం పెట్టారా? అదీ కాదు. మెచ్చుకోవడానికైనా తిట్టడానికైనా మతాన్ని మధ్యలోకి తేవడం అన్యాయం. ఖన్నా చేసిన పని మాత్రం ఒక విషయం చూపిస్తుంది. ఆ రోజుల్లో కూడా కాదనడం సాధ్యమే. దానికి ధర ఉండేది, అంతే. ఆయన కట్టారు.

జుమా రోజు పొద్దున

1977 జనవరి 18న ఎన్నికలు ప్రకటించారు. లోక్‌సభ రద్దు మీదా రాష్ట్రపతే సంతకం పెట్టారు. ఫిబ్రవరిలో ఆయన మలేషియా పర్యటనకు వెళ్లారు. ఒంట్లో బాగోలేక 10వ తేదీన తిరిగొచ్చారు. మరుసటి రోజు ఫిబ్రవరి 11, శుక్రవారం. పొద్దున గుండెపోటు వచ్చి రాష్ట్రపతి భవన్‌లోనే ఇంతకాలం చేశారు. వయసు 71. జాకిర్ హుస్సేన్ సాహెబ్ తర్వాత పదవిలో ఉండగా పోయిన రెండో రాష్ట్రపతి ఆయనే. న్యూఢిల్లీలో పార్లమెంటుకు దగ్గర్లో ఉన్న మసీదు ఆవరణలో ఖననం చేశారు.

ప్రజలు ఏం చెప్పారో చూడటానికి ఆయన లేరు. నెల దాటాక, మార్చి ఎన్నికల్లో ఉత్తరప్రదేశ్‌లోని 85 సీట్లలో కాంగ్రెస్‌కు ఒక్కటి రాలేదు. బీహార్‌లోని 54లోనూ ఒక్కటి రాలేదు. గొడవంతా మొదలైన రాయ్‌బరేలీలో అదే రాజ్ నారాయణ్ చేతిలో ఇందిరా గాంధీ 55 వేల ఓట్ల తేడాతో ఓడిపోయారు. కోర్టులో తేలని తగాదా బ్యాలెట్ పెట్టెలో తేలింది. మార్చి 21న ఎమర్జెన్సీ ఎత్తేశారు.

మన ఆంధ్రప్రదేశ్ తీర్పు వేరు. 42 సీట్లలో 41 కాంగ్రెస్‌కే ఇచ్చాం. బలవంతపు ఆపరేషన్ల దెబ్బ ఉత్తరాదిలో ఉన్నంతగా మన దగ్గర లేకపోవడం ఒక కారణం. పేదలకు భూములు, ఇళ్ల స్థలాలు వస్తాయన్న ఆశ ఇంకొకటి. మిగిలిన ఆ ఒక్క సీటు నంద్యాల. అక్కడ జనతా తరఫున గెలిచింది నీలం సంజీవరెడ్డి. 1969లో ఫక్రుద్దీన్ గారు ఎవరికి వ్యతిరేకంగా నిలబడ్డారో ఆయనే. ఆ జులైలో ఫక్రుద్దీన్ గారి తర్వాత రాష్ట్రపతి కుర్చీలో పోటీ లేకుండా కూర్చున్నదీ ఆయనే.

సంజీవరెడ్డి గారి కాలంలోనే 44వ సవరణ వచ్చింది. ఆ సవరణను చదివితే 1975 జూన్ 25 రాత్రికి ఒక్కొక్కటిగా జవాబు చెబుతున్నట్టుంటుంది. అంతర్గత కల్లోలం అన్న మాట పోయి సాయుధ తిరుగుబాటు అన్న మాట వచ్చింది. సభలు, ఊరేగింపులు చూపించి ఎమర్జెన్సీ పెట్టడం ఇప్పుడు కుదరదు. కేబినెట్ నిర్ణయం రాతపూర్వకంగా చేతికి రాకుండా రాష్ట్రపతి ప్రకటన చేయకూడదు. నెల రోజుల్లో పార్లమెంటు రెండు సభలూ పెద్ద మెజారిటీతో ఒప్పుకోవాలి. ప్రాణానికి, స్వేచ్ఛకు సంబంధించిన 21వ అధికరణం రక్షణను ఎమర్జెన్సీలో కూడా నిలిపేయకూడదు. మంత్రివర్గం సలహా నచ్చకపోతే రాష్ట్రపతి ఒకసారి వెనక్కి పంపవచ్చు. ఫక్రుద్దీన్ గారు ఆ రాత్రి అడగాల్సిన కేబినెట్ కాగితం ఇప్పుడు చట్టంలో అక్షరాలా రాసి ఉంది. ఏ రాష్ట్రపతి అయినా అడిగి తీరాలి.

పిల్లలకు ఏం చెప్పాలి

ఆయన్ను మన జాబితాలోంచి తీసేయక్కర్లేదు. బార్పేటలో ఆయన పేరుతో మెడికల్ కాలేజీ పెట్టారు, గాలిబ్ ఇన్‌స్టిట్యూట్ ఉంది. ఆబిదా బేగం తర్వాత బరేలీ నుంచి ఎంపీగా గెలిచారు. టీ తోటల మీద పన్ను వేసిన ధైర్యం నిజం. క్విట్ ఇండియా జైలు నిజం. ఎన్నికల్లో ఓడిపోయినా నమ్మిన దేశాన్ని వదలకపోవడం నిజం. ఆ రాత్రి ఒక్క ప్రశ్న అడగకపోవడం కూడా నిజం. మనవాడు అని మూడు చెప్పి నాలుగోది దాచిపెడితే పిల్లలకు అబద్ధం నేర్పినట్టే. నాలుగోది ఒక్కటే చెప్పి మిగతా మూడు మింగేసినా అంతే.

చెడ్డ మనిషి తప్పు చేస్తే అందులో మనం నేర్చుకునేది తక్కువ. మంచి మనిషి ఎక్కడ జారాడో చూడాలి. ఆయన డబ్బుకు అమ్ముడుపోలేదు, కక్షతో చేయలేదు. తనకు పదవి ఇచ్చినవాళ్లకు అడ్డు చెప్పలేకపోయారు. మర్యాద, మొహమాటం, రుణపడి ఉన్నామన్న భావం. ఈ మూడూ మనందరిలో ఉండే గుణాలే. పదవి అనేది అమానత్ అని మన పెద్దలు చిన్నప్పటి నుంచి చెబుతూనే ఉన్నారు. ఆ అమానత్ ఇచ్చిన మనిషిది కాదు, దాని కింద ఉండే జనానిది.

మన స్థాయిలో కూడా ఈ కాగితాలు వస్తూనే ఉంటాయి. మసీదు కమిటీలో, స్కూలు కమిటీలో, అపార్టుమెంటు సొసైటీలో, వార్డులో. ఇషా నమాజ్ అయిపోయి అందరూ వెళ్లిపోయాక, మనకు బాగా కావలసినవాళ్లే ఒక కాగితం తెచ్చి ముందు పెడతారు. అర్జెంటు భాయ్, మిగతావాళ్లకు పొద్దున చెబుదాం అన్నట్టు ఉంటుంది వ్యవహారం. అప్పుడు పెన్ను తీసే ముందు కమిటీ తీర్మానం ఏదని అడగండి. లేదంటే పొద్దున ఫజర్ తర్వాత అందరం కూర్చుందామని చెప్పండి. నిజంగా మంచి పనే అయితే పొద్దునైనా జరుగుతుంది.